నవ్వించే అంతరిక్ష నవలల్లో సైన్స్ లోతును ఎలా పోల్చాలి?

ఉప్పల్ చదువరి: వచ్చే నెల మా హైదరాబాద్ చదువరుల బృందంలో డగ్లస్ ఆడమ్స్ ‘హిచ్‌హైకర్స్ గైడ్’ (1979), ఆండీ వియర్ ‘ది మార్షియన్’ పక్కపక్కన పెట్టి మాట్లాడుకోబోతున్నాం. వచ్చేవాళ్లలో ఇంజినీరింగ్ పిల్లలే ఎక్కువ. మొదటిదాంట్లో సైన్సే లేదని తీసిపారేస్తారేమో. రెండింటినీ ఏ కొలతతో చూడాలి?

నౌబత్ పహాడ్: జోకు దేని మీద నిలబడిందో ముందు చూడండి. వియర్ హాస్యమంతా అంగారకుడి మీద ఒంటరిగా చిక్కుకున్న కథానాయకుడి మాటల్లో ఉంటుంది, లెక్క మాత్రం గట్టిది. హైడ్రజీన్ అనే రాకెట్ ఇంధనాన్ని ఇరిడియం ఉత్ప్రేరకం మీద విడగొట్టి, వచ్చిన హైడ్రోజన్‌ను మండించి నీళ్లు చేస్తాడు. పిల్లల చేత బోర్డు మీద వేయించండి: 32 గ్రాముల హైడ్రజీన్‌లో హైడ్రోజన్ 4 గ్రాములు, దాన్నుంచి నీళ్లు 36 గ్రాములు. ఈ లెక్క నమ్మాం కాబట్టే, మండని హైడ్రోజన్ గదిలో పేరుకుందని తెలిసినప్పుడు అతని వెటకారంలోని భయం మనకు తగులుతుంది. ఆడమ్స్‌కు ఆధారం ఆఫీసుల తర్కం. అంతరిక్ష రహదారి వేయడానికి భూమిని కూల్చ వచ్చిన గ్రహాంతరవాసులు, ఆ ప్లాను 50 ఏళ్లుగా ఆల్ఫా సెంటారీ అనే నక్షత్రం దగ్గరి ఆఫీసులో పెట్టే ఉంచామంటారు. రోడ్డు వెడల్పు నోటీసులు చూసిన మన ఊరివాళ్లకు అక్కడ ఫిజిక్స్ అక్కర్లేదు.

కోఠి పాతపుస్తకం: నౌబత్ గారి మాటకు రుజువు రెండు నవలల్లోని తప్పుల్లోనే దొరుకుతుంది. ఊపిరి బిగబడితే శూన్యంలో 30 సెకన్లు బతకొచ్చంటాడు ఆడమ్స్. నిజానికి బిగబట్టడమే ప్రమాదం, లోపలి గాలి వ్యాకోచించి ఊపిరితిత్తులు చిరుగుతాయి. అయినా జోకు చెడదు, ఎందుకంటే అది 29వ సెకనులో ఓడ దొరకడం ఎంత అసంభవమన్నదాని మీద ఉంది. వియర్ మొదట్లో పెట్టిన తుఫాను అలా కాదు. అంగారకుడి వాతావరణ పీడనం మన దాంట్లో 1 శాతం కూడా లేదు, నవలలోలా రాకెట్‌ను పడదోసేంత బలం ఆ గాలికి ఉండదు. లెక్కల మీద నడిచే నవల కాబట్టి అది గుచ్చుకుంటుంది. ఈ సంగతి వియరే ఒప్పుకున్నాడు.

నౌబత్ పహాడ్: అవునండీ. ఉప్పల్ గారూ, వీలైతే పోలండ్ రచయిత స్టానిస్లావ్ లెమ్ ‘స్టార్ డైరీస్’లో ఏడో యాత్ర కూడా చేర్చండి. చుక్కాని బిగించాలంటే ఒకరు బోల్టు పట్టుకోవాలి, ఇంకొకరు నట్టు తిప్పాలి. ఓడలో ఉన్నది ఒక్కడే. కాలం ముందువెనకలయ్యే సుడుల్లో ఓడ పడ్డాక, ఆ ఒక్కడే సోమవారం మనిషిగా, మంగళవారం మనిషిగా తనకు తానే ఎదురుపడి కొట్టుకుంటాడు. ఇక్కడ సైన్స్ తీసేస్తే జోకే ఉండదు. చిన్న కథ, చర్చ దీంతోనే మొదలుపెట్టండి. ఏ రోజు మనిషి ఎవరిని కొట్టాడో గీత గీసి గుర్తుపెట్టమనండి. ఇంజినీరింగ్ పిల్లలు ఆడమ్స్‌ను తీసిపారేసే ప్రశ్నే రాదు.