ఏడాదికి నాలుగుసార్లు వాడే లెన్స్‌కు లక్ష పెట్టొచ్చా?

పెన్నగట్టు (అనంతపురం)
అన్నలారా, ఈ పంచాయితీ మీరే తీర్చాల. నా దగ్గర 24 మెగాపిక్సెల్ క్రాప్ సెన్సర్ (చిన్న సెన్సర్) కెమెరా బాడీ ఉంది, 18-55, 70-300 లెన్సులు ఉన్నాయి (అంకె పెరిగేకొద్దీ దూరంది దగ్గరగా కనపడుతుంది). మూడు నెలలుగా మనసంతా 150-600 లెన్స్ మీదే. కొత్తది లక్షకు అటూ ఇటూ. పిట్టల ఫొటోలకు పోయేది ఏడాదికి నాలుగుసార్లు. వీరాపురం ఒకసారి, రొళ్లపాడు ఒకసారి, మిగతా రెండూ ఊరి చెరువు. "తక్కిన 360 రోజులు అది బీరువాలో ఏం చేస్తుంది?" అని ఇంట్లో అడిగినారు. నోరు పెగల్లేదు.

బురుజుకాడ (కర్నూలు)
కొనొద్దు. తీర్పు అయిపోయింది, పోయి పడుకో తమ్ముడూ.

సరే, ఎందుకో చెప్తా. పెళ్లిళ్లు తీసి బతికేవాణ్ణి. ఉంగరాలు, మెట్టెలు దగ్గరగా తీద్దామని ముచ్చటపడి 100 మాక్రో కొన్నా. ఉంగరం తీసేది పెళ్లికి ఐదు నిమిషాలు. లెన్స్ మార్చేంతవరకు అయ్యవారు ఆగుతాడా? ముహూర్తం ఆయన చేతిలో ఉంది, నా చేతిలో మూత ఉంది. ఇప్పుడు ఆ లెన్స్‌తో మా తమ్ముని కొడుకు చీమల్ని తీస్తున్నాడు. బాగానే తీస్తున్నాడనుకో, ఆ డబ్బు నాది.

చింతతోపు (హిందూపురం)
వీరాపురం కోసమే అయితే 600 అసలు వద్దప్పా. ఎర్రకాళ్ల కొంగలు ఊర్లోనే, ఇండ్ల మధ్య చింతచెట్ల మీద గూళ్లు కడతాయి. కింద ముసలోళ్లు అరుగు మీద కూర్చోనుంటారు, పైన కొంగ పిల్లకు మేత పెడుతుంటుంది. పోయినసారి నేను 200 దగ్గర తీస్తేనే రెక్క విప్పినప్పుడు ఫ్రేము చాలలేదు. ఊర్లోవాళ్లు వాటిని తరిమేవాళ్లు కాదు, శుభమని చూసుకుంటారు, అందుకే అంత దగ్గర. (అందరూ సైబీరియా కొంగలంటారు గానీ అవి మన దేశంలోవే. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ వినరు.)

గడ్డిమేట (నందికొట్కూరు)
నేను కొనమంటా. వీరాపురం వేరు, రొళ్లపాడు వేరు. బట్టమేక పిట్ట కోసమని 1988లో అభయారణ్యం చేసినారు. ఆ పిట్ట ఇప్పుడు కనపడేదే గగనం. కృష్ణజింకలు మాత్రం ఉన్నాయి, అయితే అది బయలు గడ్డినేల, దాక్కోను చెట్టు లేదు. నువ్వు పది అడుగులు వేస్తే అవి వంద అడుగులు పోతాయి. 300తో తీస్తే జింక కాదు, గడ్డిలో గోధుమరంగు చుక్క.

అద్దెకు తెచ్చుకోమని ఎవరో ఒకరు చెప్తారు, ముందే చెప్తున్నా. క్రాప్ బాడీ మీద 600 అంటే ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) కెమెరాలో 900 లెక్క. చెయ్యి చాచి బొటనవేలు అడ్డం పెట్టి చూడు. వేలి వెనక ఎంత మరుగవుతుందో, నీ ఫ్రేము వెడల్పు దాదాపు అంతే. అందులోకి ఎగిరే పిట్టను తెచ్చేది వారాల సాధన. పైగా దాదాపు రెండు కిలోల బరువు. అద్దె లెన్స్ చేతికి అలవాటయ్యే లోపల సాయంత్రమైపోతుంది.

బురుజుకాడ
ఫొటోను క్రాప్ చేస్తే పోలా? 300తో తీసిన ఫొటో 6000 × 4000 పిక్సెళ్లు. నాలుగు పక్కలా కోసి మధ్యలో 3000 × 2000 ఉంచుకుంటే 600తో తీసినంత దగ్గరికొస్తుంది. ఇంకా 6 మెగాపిక్సెళ్లు మిగుల్తాయి. పది అంగుళాల ప్రింటు నిక్షేపంగా వస్తుంది. ఫోన్లో చూసుకునేదానికి లక్షెందుకు?

గడ్డిమేట
కోస్తే నాయిస్ (ఫొటోలో గరుకుగా కనపడే చుక్కలు) కూడా రెండింతలు కనపడుతుంది కదన్నా. జింక కన్ను దగ్గర వెంట్రుకలు ఆరు మెగాపిక్సెళ్లలో చూపించు, నీ మాటే వింటా.

ఒకటి మాత్రం ఒప్పుకోవాల. ఎండ ఎక్కినాక రొళ్లపాడులో ఏ లెన్సూ పనికిరాదు. నేల కాగి గాలి అలలు అలలుగా లేస్తుంది, జింక కాళ్లు నీళ్లలో ఆడినట్టు వస్తాయి. నేను మొదటిసారి లెన్స్ చెడిపోయిందనుకొని అమ్మినోనితో కొట్లాడినా. తెల్లవారుజామున పోతేనే పని. అప్పుడు వెలుతురు చాలదు. 600 దగ్గర లెన్స్ రంధ్రం ఎఫ్ 6.3 కంటే తెరుచుకోదు, చేత్తో పట్టి షట్టర్ సెకనులో 1/1000 వంతు పెడితే ఐఎస్ఓ (వెలుతురు చాలనప్పుడు పెంచేది, పెంచితే నాయిస్ వస్తుంది) 3200 దాటుతుంది.

కడపకారం
కలివికోడి కోసమైతే చెప్పండి, నేనూ చందా వేస్తా. అంతరించిందనుకున్న పిట్ట, 1986లో మా జిల్లాలో మళ్లీ దొరికింది, తిరిగేది రాత్రిపూట. దానికి లెన్స్ చాలదు, పెట్టిపుట్టాల.

నా సలహా: సెకండ్ హ్యాండ్ తీసుకో. అరవై వేలకు కొని, రెండేండ్లు వాడి, యాభైకి అమ్మితే పోయింది పదివేలు. బెంగళూరులో రోజుకు వెయ్యి లెక్కన అద్దెకు తెచ్చినా, ఏడాదికి ఐదు రోజులు వాడితే రెండేండ్లకు అంతే అవుతుంది. కొనేటప్పుడు లెన్స్ ముందువైపు గ్లాసులోంచి టార్చి వేసి వెనకనుంచి చూడు. లోపల సాలెగూడు మాదిరి కనపడితే అది ఫంగస్, దండం పెట్టి వచ్చేయ్. కంతుల మీద మాత్రం వద్దు సామీ, నేను అట్లా కొన్న ట్రైపాడ్ కంతులకంటే ముందే విరిగింది.

బురుజుకాడ
యాభైకి కొనేవాడు కర్నూల్లో యాడున్నాడో చూపించు, నాదీ మాక్రో అమ్ముకుంటా.

పెన్నగట్టు
రాత్రి కూర్చొని ఏడాది ఫోల్డర్లన్నీ తిరగేసినా. 2,318 ఫొటోలు. జూమ్ చివరికి, 300కి తిప్పి తీసినవి 412. వాటిలో "ఇంకా దగ్గరికొస్తే బాగుండు" అనిపించినవి నలభై కూడా లేవు, అన్నీ రొళ్లపాడులో ఒకే పొద్దున తీసినవి. ఊరి చెరువువి అయితే దూరం వల్ల కాదు, నేను ఆత్రపడి షట్టర్ నెమ్మదిగా, 1/200 పెట్టడం వల్ల చెడిపోయినాయి. నా 70-300దే నాకు ఇంకా సరిగ్గా రాలేదన్నమాట.

కొనడం లేదు. వానలు పడినాక మూడు రోజులకు అద్దెకు తెస్తా. గడ్డిమేటన్న మాట నిజం కాబట్టి మొదటిరోజు మిద్దె మీద కాకుల్ని తీసి చెయ్యి అలవాటు చేసుకుంటా, తర్వాత రొళ్లపాడు.

గడ్డిమేట
మూడో రోజు తిరిగిచ్చేటప్పుడు చేతులు రావు, చూడు.

చింతతోపు
యా తేదీనో చెప్పప్పా. నేనూ వస్తా, అద్దెలో సగం నాది. కాకులు నువ్వే తీసుకో.