నెత్తిమీద తాళం: వేశావా, వాయించావా?

ప్రశ్న: అమెరికన్ కవి థియొడోర్ రెట్కీ కవిత ‘మై పాపాస్ వాల్ట్జ్’ (1942) తెలుగు చేసేటప్పుడు ‘బీట్ టైమ్’ను ఏమనాలి? తాగొచ్చిన తండ్రి వంటింట్లో పిల్లాడితో గంతులేస్తాడు. చివరి చరణంలో, మట్టి పేరుకున్న అరచేత్తో వాడి తలమీద తాళం వేస్తాడు. ఆ ఇంగ్లిష్ క్రియలో దెబ్బ కూడా ఉంది. ‘తాళం వేశావు’ చాలుతుందా?

— చాలదు. దెబ్బ పూర్తిగా పోతుంది, పైగా తలుపుకేసే తాళం గుర్తొస్తుంది. ‘దరువేశావు’లో దెబ్బ ఉంది గానీ డప్పు మోత ఎక్కువై వేళాకోళంలా వినిపిస్తుంది. ‘వాయించు’ వాడండి. మద్దెలనీ వాయిస్తాం, అల్లరి పిల్లాడి వీపునీ వాయిస్తాం. ‘నా నెత్తిన తాళం వాయించావు’. ‘వాయించేశావు’ మాత్రం వద్దు. అలా అనగానే ఆట పోయి దెబ్బలే మిగులుతాయి.

— అంతకన్నా పెద్ద చిక్కు మూడో చరణంలో ఉంది. తండ్రి అడుగు తప్పినప్పుడల్లా పిల్లాడి కుడి చెవి బెల్టు బకిలుకు రాసుకుంటుంది. మూలంలో కర్త చెవి, బకిలు కాదు. ‘నీ బకిలు నా చెవి గీరింది’ అంటే అది ఫిర్యాదు అయిపోతుంది. పసివాడు తండ్రిమీద నేరం మోపడు, తన చెవే వెళ్లి తగిలిందంటాడు. క్రియ చివర చేరి, పని తనకు తానే జరిగినట్టు చూపే మన ‘కొను’ ఇందుకు చక్కగా పనికొస్తుంది: ‘నా చెవి గీసుకుపోయింది’. చెవి నడుము ఎత్తులో ఉందంటే వాడెంత చిన్నవాడో వేరే చెప్పక్కర్లేదు.

ప్రశ్న: ఇది ఉత్త ఆటే అనే పాఠకులూ ఉన్నారు కదా?

— ఉన్నారు, ఆ చదువుకూ చోటుంది. అందుకే అనువాదంలో తీర్పు చెప్పకూడదు. కానీ తండ్రి పట్టుకున్నది చెయ్యి కాదు, మణికట్టు. అతని వేలి కణుపు చితికి ఉంది. గిన్నెలు అలమర నుంచి జారిపడుతుంటే అమ్మ ఒక్క మాటా అనదు. ‘అమ్మ నొసటి ముడి వీడలేదు’ అంటే చాలు, ‘కోపంగా చూసింది’ అని విప్పి చెప్పొద్దు. మొదటి చరణంలో ‘ఉడుంపట్టు’ కూడా వద్దు. అక్కడున్న పోలిక చావుతో, ఉడుముతో కాదు. ‘చావులా పట్టుకు వేలాడాను’ అని నేరుగా అనండి.

— నడక సంగతి. వాల్ట్జ్ మూడు దెబ్బల నాట్యం, మూలంలో పాదానికి మూడు ఊనికలు, అంటే నొక్కి పలికే చోట్లు. తెలుగులో త్రిశ్రగతి, అంటే తకిట తకిట అనే మూడు మాత్రల నడక, దగ్గరగా ఉంటుంది. గురజాడ ముత్యాలసరం ఛందస్సు పట్టుకుంటే 3+4 మాత్రల నడక వచ్చి మరీ నిమ్మళంగా సాగుతుంది. ఇంకొకటి: ఒకటి, మూడు చరణాల్లో రెండో పాదం, నాలుగో పాదం ఒక అక్షరం ఎక్కువై తూలతాయి. ఆ నాలుగు చోట్లా మీరూ ఒక మాత్ర పెంచండి. మిగతావి సాఫుగా ఉంటేనే ఆ తూలు చెవికి తెలుస్తుంది.

— సంబోధన ‘నువ్వు’ అనే ఉంచాలి. ‘మీరు’ అంటే భయమే ముందు వినబడుతుంది. ఈ పిల్లాడు మంచం దాకా తండ్రి చొక్కా వదల్లేదు.