నగల ఫొటోకి నలుపు షూట్‌లోనే రావాలా, ఎడిటింగ్‌లో పెట్టుకోవచ్చా?

బరంపురం కెమెరా:
ఇక్కడి బంగారం షాపులకు కేటలాగ్ ఫొటోలు తీస్తుంటాను. అందరికీ నల్ల బ్యాక్‌గ్రౌండే కావాలి. తెల్ల షీట్ మీద తీసి, కటౌట్ చేసి వెనక నలుపు పెడుతున్నాను. పని తొందరగా తెములుతుంది. అది మోసం అంటున్నారు ఓ సీనియర్. మీరేమంటారు?

పర్లాకిమిడి స్టూడియో:
మోసం సంగతి తర్వాత, ముందు అది దొరికిపోతుంది బాబూ. బంగారం అద్దంలాంటిది, చుట్టూ ఏముంటే దాన్నే చూపిస్తుంది. తెల్ల షీట్ మీద పెడితే బంగారు గాజు అంచంతా తెలుపు పడుతుంది. వెనక నలుపు పోసినంత మాత్రాన ఆ తెలుపు ఎక్కడికి పోతుంది? ఓసారి కటక్ తారకసి నగ కటౌట్ చేసి చూడు. 2024లో జీఐ ట్యాగ్ వచ్చిన ఆ వెండి తీగపనికి అందమంతా తీగల మధ్య ఖాళీల్లోనే. ఎడిటింగ్‌లో గీసి కత్తిరించే పెన్ టూల్‌తో అవన్నీ ఒక్కొక్కటే తవ్వుతూ కూర్చుంటావా?

రాయగడ షాపు:
మాస్టారూ, మీరు ఒక్క నగకు పూటంతా తీసుకుంటారు. పెళ్లిళ్ల సీజన్‌లో మాకు ట్రేలకు ట్రేలు వస్తాయి. వాట్సాప్‌లో చూసేవాళ్లకు డిజైన్ కావాలి గానీ అంచుతో పనేంటి? నా టెన్షన్ అంతా రంగుతోనే. పసుపు పెంచేస్తే 22 క్యారెట్లది 24లా కనిపిస్తుంది. షాపుకొచ్చి ‘ఫొటోలోది ఇది కాదు’ అని పేచీ. 916 ముద్ర, హెచ్‌యూఐడీ (నగ మీది గుర్తింపు నంబరు) చూపించినా అనుమానం పోదు.

పర్లాకిమిడి స్టూడియో:
రంగు మాట నిజం. మొదటి ఫ్రేమ్‌లో గ్రే కార్డు (బూడిద రంగు అట్ట) పెట్టి, దాన్నిబట్టి వైట్ బ్యాలెన్స్, అంటే లైటు వల్ల వచ్చిన రంగు తేడా, సరిచేసి అక్కడితో చేతులు కట్టేసుకోవాలి. పూటంతా అంటే మాత్రం ఒప్పుకోను. నగను గాజు పలక మీద ఎత్తులో పెట్టి, రెండడుగుల కింద నల్లగుడ్డ పరిచి, లైటు పక్కనుంచి బటర్ పేపర్‌లోంచి పంపితే నలుపు దానంతటదే వస్తుంది. నేరుగా వెల్వెట్ మీద పెట్టారో, దగ్గరివి పెద్దగా చూపే మాక్రో లెన్స్‌లో ప్రతి నూగూ లెక్కపెట్టొచ్చు. వాటిని చెరపడంతోనే తెల్లారుతుంది.

బరంపురం కెమెరా:
మరి నల్లపూసలో? పూసలు నలుపులో కలిసిపోయి లాకెట్ ఒక్కటే గాల్లో వేలాడుతోంది.

గుణుపురం రిటచింగ్:
ఎడిటింగ్‌లో షాడోస్ లేపితే, అంటే చీకటి భాగాల్ని వెలిగిస్తే, గుడ్డ కూడా లేస్తుంది, పైగా నాయిజ్, ఇసక చల్లినట్టు చుక్కలు. ఇది ఎడిటింగ్‌తో తీరేది కాదు. రెండు పక్కలా పొడవాటి తెల్ల థర్మాకోల్ ముక్కలు నిలబెట్టు. పూసపూసకూ సన్నటి తెల్లగీత పడి గుండ్రం తెలుస్తుంది. అలాగని ఎడిటింగ్‌ను తీసిపారేయకండి మాస్టారూ. క్లోజప్‌లో లెన్స్ రంధ్రం తగ్గించి ఎఫ్/8 పెట్టినా బుట్టకమ్మ ముందు పక్క షార్ప్‌గా ఉంటే వెనక గుండ్లు మసకబారతాయి. రంధ్రం ఇంకా చిన్నది చేసి ఎఫ్/22కి వెళ్తే డిఫ్రాక్షన్‌తో, అంటే సన్న రంధ్రంలో కాంతి చెదిరి, మొత్తం మెత్తబడుతుంది. ఫోకస్ జరుపుతూ తీసిన ఫ్రేములు కలపక తప్పదు. అదీ మోసమేనా?

పర్లాకిమిడి స్టూడియో:
కాదమ్మా, కంటికి కనిపించేదే చూపిస్తున్నావు. రాయిలో పగులు చెరిపేసినా, కెంపు రంగు మార్చినా మోసం.

రాయగడ షాపు:
గీతలు తీసేయొచ్చా మరి?

గుణుపురం రిటచింగ్:
దుమ్ము, వేలిముద్రలు తీసేస్తాను. గీతలుంటే మెరుగు పెట్టించి పంపమని తిప్పి పంపేస్తాను.

బరంపురం కెమెరా:
థర్మాకోల్ పెట్టి చూశాను. పూసలు బాగున్నాయి గానీ లాకెట్ మీద కూడా తెల్లచార పడింది.

గుణుపురం రిటచింగ్:
థర్మాకోల్ మీద లాకెట్ ఎదురుగా వచ్చేంత మేర నల్ల కాగితం అతికించు. మొత్తం కప్పేయకు, లాకెట్ మెరుపు చచ్చిపోతుంది.