చిన్న నిర్మాణ సంస్థలు దెబ్బతినేది రేటు దగ్గరా, బిల్లు దగ్గరా?

పునాదిరాయి:
నా వాదన సూటిగా చెప్తాను. చిన్న, మధ్య తరహా నిర్మాణ సంస్థలు పెద్దవాటితో పోటీ పడలేకపోవడానికి పనితనం కారణం కాదు. చేసిన పనికి డబ్బు ఎప్పుడొస్తుందన్నదే అసలు సంగతి. కూలీలకు వారం వారం ఇవ్వాలి. సిమెంటు, ఇనుము మహా అయితే నెల అప్పు మీద దొరుకుతాయి. బిల్లు మాత్రం నెలాఖరుకు పెడితే, కొలతలు చూసి, సంతకాలన్నీ అయ్యి, అరవై రోజులకు వస్తుందనుకోండి. మొదటి బిల్లు చేతికొచ్చేసరికి మూడు నెలల పని మన డబ్బుతోనో అప్పుతోనో నడిచిపోయి ఉంటుంది. పైగా ప్రతి బిల్లులో వందకు ఐదు రిటెన్షన్ కింద ఆపితే, చాలా పనుల్లో మిగిలే లాభమే అంత. అది లోపాల గడువు, అంటే పనిలో లోపాలు బయటపడితే మనమే సరిచేయాల్సిన కాలం, ముగిసేదాకా అవతలివాళ్ల దగ్గరే ఉంటుంది. పెద్ద సంస్థ, పని చేయించుకునే యజమాని దగ్గర ముందు తీసుకుని కిందివాళ్లకు ఆలస్యంగా ఇస్తుంది. వాళ్లకు మనం వడ్డీ లేకుండా అప్పిస్తున్నట్టే కదా?

లెవెల్‌పైపు:
బిల్లు ఆలస్యం అందరికీ ఉన్నదే. తేడా ఎస్టిమేటు దగ్గరే వస్తుంది. చాలామంది రేటు ఎలా వేస్తారు? పోయినసారి వేసినదానికి కొంత కలుపుతారు, అంతే. సెంట్రింగుకు ఎంతమంది ఎన్ని రోజులు పనిచేశారో, ఇనుము ఎంత వృథా అయిందో ఎక్కడా రాసుకోరు. యంత్రం ఖాళీగా పడున్న రోజులు, ఆఫీసు ఖర్చు, కాంట్రాక్టరు సొంత జీతం లెక్కలోకే రావు. పని దొరికితే చాలని తగ్గించి కోట్ చేశాక, బిల్లు టైముకు వచ్చినా మిగిలేది నష్టమే.

పునాదిరాయి:
అలాంటివాళ్లు ఉన్నారు, సరే. మరి కారిలియన్ అనే పెద్ద నిర్మాణ సంస్థ సంగతేంటి? బ్రిటన్‌లో 2018 జనవరిలో అది దివాలా తీసినప్పుడు దాని కింద సుమారు 30,000 మంది సరఫరాదారులు, సబ్ కాంట్రాక్టర్లు ఉన్నారు. అంతమందిలో లెక్క సరిగ్గా వేసుకున్నవాళ్లు లేరంటారా? కింది సంస్థలకు అది 120 రోజుల గడువు పెట్టేది. విడ్డూరం ఏమిటంటే, సకాలంలో చెల్లిస్తామనే ‘ప్రాంప్ట్ పేమెంట్ కోడ్’ మీద అది కూడా సంతకం చేసింది!
ఇంకొకటి. చేతిలో పనుల్లేక కాదు, ఒకేసారి ఎక్కువ పనులు ఒప్పుకుని మూతపడే సంస్థలూ ఉన్నాయి. కొత్త పని మొదలైన ప్రతిసారీ ఆ మూడు నెలల భారం మళ్లీ నెత్తిన పడుతుంది.

ఇసుకజల్లెడ:
టెక్నాలజీని ఇద్దరూ పక్కన పెట్టేశారు. బ్రిటన్ 2016లోనే కేంద్ర ప్రభుత్వ పనులకు బిమ్, అంటే కట్టకముందే కట్టడాన్ని కంప్యూటర్‌లో వివరాలతో సహా మోడల్‌గా తయారుచేసే పద్ధతి, తప్పనిసరి చేసింది. త్రీడీ మోడల్‌లో పైపులు, దూలాలు ఎక్కడ ఢీకొంటున్నాయో ముందే కనిపిస్తే, స్లాబ్ వేశాక పగలగొట్టే పని తప్పుతుంది. అది నేర్చుకోని సంస్థను రేపు టెండరు దగ్గరికే రానివ్వరు.

లెవెల్‌పైపు:
నేర్చుకోవాల్సిందే. కానీ దానితోనే గెలుస్తామంటే ఒప్పుకోను. అమెరికాలో కటెర్రా అనే నిర్మాణ సంస్థ 2015లో మొదలై, ఫ్యాక్టరీలో భాగాలు తయారుచేసి బిగిస్తామంటూ సుమారు 200 కోట్ల డాలర్ల పెట్టుబడి తెచ్చుకుంది. 2021లో దివాలా తీసింది. అంత డబ్బున్నవాళ్లకే కాలేదు.

మట్టిపని:
నాకైతే టెండరు నిబంధనలే అసలు అడ్డుగోడ. గత టర్నోవరు ఇంత ఉండాలి, ఇంత పెద్ద పని ముందే చేసి ఉండాలి అంటారు. పెద్ద పని ఇవ్వకుండా పెద్ద పని అనుభవం ఎక్కణ్నుంచి తేవాలి? యూరోపియన్ యూనియన్ 2014 ఆదేశంలో దీనికి కొంత మందు ఉంది. మామూలుగా పని విలువకు రెండింతలకు మించి టర్నోవరు అడగకూడదు. పనిని భాగాలుగా విడగొట్టకపోతే ఎందుకో రాయాలి.

ఇసుకజల్లెడ:
విడగొడితే ఒకరి పనికీ ఇంకొకరి పనికీ మధ్య పొత్తు కుదిర్చేదెవరు? ప్లంబింగువాళ్లు ఆలస్యం చేస్తే టైల్స్‌వాళ్లు ఖాళీగా కూర్చుంటారు, ఆ నష్టం ఎవరి ఖాతాలో? చిన్నవాళ్లు నలుగురు కలిసి టెండరు వేయడం మేలు.

మట్టిపని:
కలిసి వేస్తే ఉమ్మడి బాధ్యత మీద సంతకం పెట్టమంటారు. ఒకరు చేతులెత్తేస్తే మిగతా ముగ్గురూ మొత్తం పని పూర్తిచేయాలి. బ్యాంకు గ్యారంటీ కోసం ఇల్లు తాకట్టు పెట్టినవాళ్లు అంత ధైర్యం చేస్తారా?

పునాదిరాయి:
అందుకే మళ్లీ డబ్బు దగ్గరికే వస్తున్నాను. బ్రిటన్ 1996 చట్టం ‘నాకు పైనుంచి వచ్చాకే నీకిస్తా’ అనే షరతును దాదాపుగా కొట్టేసింది. తగాదా వస్తే మధ్యవర్తి మామూలుగా 28 రోజుల్లో తేల్చాలి. ప్రాజెక్ట్ బ్యాంకు ఖాతా పద్ధతి ఇంకా బాగుంటుంది. యజమాని ఆ ఖాతాలో వేస్తే, సబ్ కాంట్రాక్టర్ల వాటా అక్కణ్నుంచే నేరుగా వాళ్లకు వెళ్తుంది. మధ్యలో పెద్ద సంస్థ మునిగినా ఆ డబ్బు దాని అప్పులవాళ్లకు పోదు.

లెవెల్‌పైపు:
మధ్యవర్తి దగ్గరికి వెళ్లినవాళ్లకు ఆ సంస్థ మళ్లీ పని ఇస్తుందా? చట్టం రాసినవాళ్లకు ఇది తట్టలేదో ఏమో. ఖాతా పద్ధతి బాగుంది, కాదనను. కానీ అది టెండరులో పెట్టాల్సింది యజమాని, మనం కాదు. మన చేతిలో ఉన్నది రేటు. మీరు చెప్పిన మూడు నెలల వడ్డీని రేటులో కలిపి కోట్ చేయండి.

పునాదిరాయి:
కలిపితే పని కలపనివాళ్లకు పోతుంది.

మట్టిపని:
వడ్డీ విషయంలో ఒక మాట. యూరోపియన్ యూనియన్ 2011 ఆదేశం ప్రకారం గడువు దాటితే మూల వడ్డీ రేటుకు కనీసం 8 శాతం పాయింట్లు కలిపి వడ్డీ అడిగే హక్కు ఉంది. రేటులో కలపక్కర్లేదు, విడిగా అడగొచ్చు. ఇలాంటి హక్కు ఉన్నచోట పనిచేసి, పెద్ద సంస్థను అడిగి వసూలు చేసి, ఆ తర్వాత కూడా అదే సంస్థ దగ్గర పని తెచ్చుకున్నవాళ్లు ఇక్కడ ఎవరైనా ఉన్నారా?