వార్న్ గొప్పతనం మా వాడికి ఎలా చెప్పాలి?

సిల్లీ_పాయింట్:
మా వాడికి పన్నెండేళ్లు. సమ్మర్ క్యాంప్‌లో లెగ్ స్పిన్ నేర్చుకుంటున్నాడు. నిన్న ఆస్ట్రేలియా లెగ్ స్పిన్నర్ షేన్ వార్న్ 1993లో ఇంగ్లండ్ బ్యాటర్ గ్యాటింగ్‌కు వేసిన బంతి చూపించా. "తిరిగింది, అంతేగా నాన్నా" అని ఫోన్ నా చేతిలో పెట్టేశాడు. ప్రాణం ఉసూరుమంది. థాయ్‌లాండ్‌లో 52 ఏళ్లకే పోయాడన్న వార్త విన్న రాత్రి నేను అన్నం కూడా సరిగా తినలేదు. వీడికి ఏం చెబితే ఎక్కుతుంది?

గల్లీ_లెగ్గీ:
తిరగడం తర్వాత. ముందు బంతి గాల్లో ఉన్నప్పుడు చూడమనండి. తిన్నగా వస్తున్నట్టే వచ్చి, లెగ్ సైడుకు, అంటే బ్యాటర్ కాళ్ల వైపుకు జారి, ఠక్కున దిగి లెగ్ స్టంప్ బయట పడుతుంది. గ్యాటింగ్ మొద్దేం కాదు, ప్యాడూ బ్యాటూ రెండూ అడ్డం పెట్టాడు. ఆ రెండిటినీ తప్పించుకుని అవతలి వైపున్న ఆఫ్ స్టంప్‌కు తగిలింది. అదీ ఇంగ్లండ్, ఆస్ట్రేలియా ఆడే యాషెస్ టెస్టు సిరీస్‌లో వార్న్ వేసిన మొట్టమొదటి బంతి! బంతిని గట్టిగా తిప్పితేనే గాల్లో ఆ జారుడు వస్తుంది. నేను లీగ్ మ్యాచుల్లో పదేళ్లు వేశాను. గట్టిగా తిప్పితే ఫుల్‌టాస్ పడేది, లెంగ్త్‌లో వేస్తే తిరిగేది కాదు. ఆయనకు రెండూ కుదిరాయి.
మీ వాడికి ఓ బత్తాయి ఇచ్చి, ఉంగరపు వేలితో తిప్పుతూ ఈ చేతి నుంచి ఆ చేతికి వేయమనండి. మా ఇంట్లో పళ్లన్నీ అలాగే మెత్తబడేవి, అమ్మ తిట్టేది.

సోఫా_అంపైర్:
మరీ దేవుణ్ని చేసేయకండి. 2001లో ఈడెన్‌లో మన లక్ష్మణ్ 281 కొట్టిన ఇన్నింగ్స్‌లో వార్న్‌కు 34 ఓవర్లలో 152 పరుగులకు ఒక్క వికెట్. అదీ చూపించండి.

నార్త్_స్టాండ్:
708 టెస్టు వికెట్లు తీసిన మనిషి నాకు బ్యాట్‌తోనే గుర్తు. 2008 ఏప్రిల్ 24, ఉప్పల్‌లో ఐపీఎల్ మ్యాచ్. సైమండ్స్ 117 నాటౌట్, మన డెక్కన్ ఛార్జర్స్ 214. ఇంకేముంది, గెలిచేశాం అనుకున్నాం. చివరి ఓవర్లో రాజస్థాన్‌కు 17 కావాలి. బౌలింగ్ కూడా సైమండ్సే. రాజస్థాన్ కెప్టెన్ వార్న్ ఒక ఫోరు, రెండు సిక్సులు కొట్టి గెలిపించేశాడు, ఇంకో బంతి మిగిలే ఉంది. నా పక్కాయన నోట్లో విజిల్ అలాగే ఉండిపోయింది.
2022 మార్చి 4న వార్న్ పోయాడు. మే 14న సైమండ్స్. ఆ ఓవర్ మళ్లీ చూడబుద్ధి కాలేదు.

సిల్లీ_పాయింట్:
బత్తాయి ఇచ్చా. మూడుసార్లు సోఫా కిందకు దొర్లించాడు. నాలుగోసారి చేతిలో గిర్రున తిరిగింది. "నాన్నా, ఇందాకటి వీడియో ఇంకోసారి పెట్టు" అన్నాడు.