ఫీజు లేని వకాల్తా: బాధ్యతా, మొహమాటమా?

నల్లకోటు
లాయర్ల వృత్తిని నియంత్రించే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల్లో 46వ రూల్ ఒకటుంది. ఫీజు ఇచ్చుకోలేని వాడికి కూడా న్యాయసాయం పొందే హక్కుందని, తన ఆర్థిక స్థితి అనుమతించినంత మేరకు పేదలకు ఉచితంగా సాయపడటం న్యాయవాది సమాజానికి పడ్డ పెద్ద బాకీల్లో ఒకటని దాని సారాంశం. దయ అనలేదు, బాధ్యత అంది. కాదనేవాళ్లు కారణం చెప్పండి. జూనియర్‌గా ఎన్ని ఇడ్లీలు మానేశారో మాత్రం వద్దు, ఆ కథలు బార్ రూంలో రోజూ వింటున్నాం.

మఫసిల్_ప్లీడరు
ఇడ్లీల సంగతి ఎత్తను సర్. మీరు గబుక్కున దాటేసిన ముక్క ఎత్తుతాను: "ఆర్థిక స్థితి అనుమతించినంత మేరకు". జూనియర్లకు పట్టణాల్లో నెలకు 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 ఇవ్వండని ఇదే బార్ కౌన్సిల్ 2024 అక్టోబరులో సీనియర్లను కోరింది. సిఫారసే, ఆదేశం కాదు. 2019 డిసెంబరులో ఆంధ్రలో లా నేస్తం పథకం పెట్టి జూనియర్లకు ప్రభుత్వమే నెలకు 5,000 ఇవ్వాల్సి వచ్చింది. తన తిండికే ప్రభుత్వ సాయం అందుకునేవాడు ఇంకొకడికి ఉచిత సాయం చేయాలా?

పైగా 1976లో రాజ్యాంగంలోకి 42వ సవరణతో వచ్చిన 39ఏ అధికరణం ఆ బాధ్యతను పెట్టింది రాజ్యం మీద, నల్లకోటు మీద కాదు. దానికోసమే 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం వచ్చింది, 1995 నవంబరు 9 నుంచి అమలవుతోంది. ప్రభుత్వం కట్టాల్సిన బిల్లు మా ముందు పెట్టి "నైతికం" అంటే ఎలా?

ఓరుగల్లు_బిడ్డ
డాక్టర్లను ఫ్రీగ చూడుమని ఎవ్వరు అడుగుతలేరు గదా. లాయర్లనే ఎందుకు అడుగుతున్నరు?

సుభాషిణి_ఫ్యామిలీకోర్టు
అడుగుతున్నారండీ. 1989 పరమానంద్ కటారా తీర్పు ఉంది. ప్రమాదంలో వచ్చినవాడికి ముందు వైద్యం, మిగతావన్నీ తర్వాత.

చెరువుగట్టు
గెలిస్తే ఇవ్వు, ఓడితే వద్దు అని రాసుకుంటే పోలా? ఇంత గొడవెందుకు?

సుభాషిణి_ఫ్యామిలీకోర్టు
పోదు. బార్ కౌన్సిల్ 20వ రూల్ ఒప్పుకోదు. ఫలితాన్ని బట్టి ఫీజు, వచ్చినదాంట్లో వాటా రెండూ దుష్ప్రవర్తన కిందికే వస్తాయి.

నల్లకోటు
మఫసిల్ గారూ, అడ్వొకేట్స్ చట్టం 29, 33 సెక్షన్లు ఏమంటున్నాయి? వృత్తిగా కోర్టులో వాదించే హక్కు అడ్వొకేటుకే. 32 కింద జడ్జి ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప బయటివాడు నోరు విప్పడానికి లేదు. తలుపుకి తాళం వేసి తాళంచెవి మన జేబులో పెట్టారు. డబ్బు లేనివాడికి ఆ తలుపు తీయనంటే అది వ్యాపారం కూడా కాదు, టోల్‌గేటు.

ఇక ఎంత పని అడుగుతున్నానో చూడండి. రిమాండులో ఉన్నవాడికి నేరాన్ని బట్టి 60 లేదా 90 రోజుల్లో ఛార్జిషీటు పడకపోతే బెయిలు హక్కు వస్తుంది. ఇప్పుడది నేర విచారణ పద్ధతి కొత్త చట్టమైన బీఎన్‌ఎస్‌ఎస్ 187(3). రిమాండు చేసిన రోజునూ లెక్కలో కలపాలని 2023లో సుప్రీంకోర్టు తేల్చేసింది. గడువు నిండాక, ఛార్జిషీటు పడేలోపు పిటిషన్ పడాలి. మనవాడు సోమవారం వేద్దామనుకుంటే పోలీసులు శుక్రవారం సాయంత్రం ఛార్జిషీటు దాఖలు చేస్తారు, హక్కు అక్కడితో సరి. పిటిషన్ రెండు పేజీలు. రిమాండు తేదీ డైరీలో రాసుకోవడానికి, ఆ రెండు పేజీలు కొట్టించడానికి ఎంత ఆస్తి కావాలి?

బత్తా_గుమస్తా
అయ్యా, నోటీసు పంపడానికి కోర్టులో కట్టే బత్తా ఎవరు కడతారు?

మఫసిల్_ప్లీడరు
రెండు పేజీలతో అయిపోతే నేనూ వేస్తాను సర్. బెయిలు వచ్చాక జామీనుదార్లు కావాలి. ఇద్దరు రావాలి, ఆస్తి కాగితాలు తేవాలి, వాటి మీద విచారణ జరగాలి. కూలివాడికి జామీను ఉండేదెవరు? బెయిలిచ్చి 7 రోజులైనా మనిషి బయటికి రాకపోతే జైలు సూపరింటెండెంటు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి తెలపాలని 2023 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే ఉత్తర్వు చేతికొచ్చాక కూడా జనం లోపలే ఉంటున్నారనేగా? ఆ షరతు సడలించమని ఇంకో పిటిషన్, ఇంకో వాయిదా. ఆపై ట్రయలు. మధ్యలో వదిలేద్దామంటే బార్ కౌన్సిల్ 12వ రూల్: తగిన కారణం చూపాలి, ముందే నోటీసు ఇవ్వాలి. ఉచిత కేసు ఎత్తుకోవడం తేలికే, దించుకోవడమే కష్టం.

న్యూజెర్సీ_సుబ్బారావు
న్యూయార్క్ బార్‌లో చేరాలంటే ముందు 50 గంటలు ఉచిత సేవ చేసి, పర్యవేక్షించిన లాయరు చేత ధ్రువీకరణ తెచ్చుకోవాలి. ఇక్కడికి ఎల్‌ఎల్‌ఎంకి వచ్చే మన పిల్లలు కూడా చేస్తున్నారు. 2015 నుంచీ ఉంది. అక్కడ ఎందుకు పెట్టరు?

ఓరుగల్లు_బిడ్డ
ఇక్కడ పెడితే 50 గంటల సర్టిఫికెట్ జిరాక్స్ సెంటర్ల దొరుకుతది.

నల్లకోటు
మఫసిల్ గారి వాదనలన్నిటికీ అడుగున ఉన్నది ఒకటే, చేయడం ఇష్టం లేదు. ప్యానెల్‌లో, అంటే ఉచిత న్యాయసాయం చేసే లాయర్ల జాబితాలో, పేరు ఉండాలి, కార్డు మీద వేసుకోవాలి, కేసు పిలిస్తే మాత్రం "టైం ప్లీజ్, యువర్ ఆనర్". పౌరహక్కుల లాయర్లు కన్నబిరాన్, బాలగోపాల్ తిరిగిన కోర్టుల్లో ఈ మాట అనడానికి సిగ్గుండాలి.

మఫసిల్_ప్లీడరు
సిగ్గు మాట మీరే ఎత్తారు గనక చెబుతాను. పెద్ద పేర్లు చెప్పి చిన్నవాళ్లను కొట్టడం మానండి. ఉచిత కేసు నిజంగా ఎలా నడుస్తుందో మీకూ తెలుసు. సీనియరు మీటింగులో ఒప్పుకుంటాడు, ఫోటో ఆయనది. బస్సెక్కి వాయిదాకి వెళ్లేది, నకలు దరఖాస్తు పెట్టి కాపీయింగ్ సెక్షన్ చుట్టూ తిరిగేది, సాక్షిని క్రాస్ చేసేది జూనియరు. 2017లో ఇందిరా జైసింగ్ కేసులో సుప్రీంకోర్టు సీనియర్ అడ్వొకేటు హోదాకి మార్కులు పెట్టినప్పుడు ఉచిత కేసులనూ లెక్కలోకి తీసుకున్నారు. 2025లో ఆ మార్కుల పద్ధతి ఎత్తేసేదాకా కష్టం ఒకరిది, మార్కులు ఇంకొకరివి. నేను కాదంటున్నది బాధ్యతను కాదు సర్, అది కిందికి జారే దారిని.

సుభాషిణి_ఫ్యామిలీకోర్టు
ఇన్ని పోస్టుల తర్వాత అసలు ముడి దొరికింది. మీరిద్దరూ లాయరు జేబు గురించే కొట్టుకుంటున్నారు. కక్షిదారుకి ఏం దక్కిందో చూడండి.

మనోవర్తి కేసు తీసుకోండి. రజనీష్ వర్సెస్ నేహా, 2020 నుంచి ఇరుపక్షాలూ ఆస్తులు, అప్పుల అఫిడవిట్ వేయాలి. భర్త బ్యాంకు లావాదేవీలు, జీతం, ఈఎంఐలు గుచ్చి గుచ్చి అడిగితేనే అందులో అబద్ధం బయటపడుతుంది. ఉచిత లాయరు ఫారం నింపి ఊరుకుంటాడు. సరే, ఉత్తర్వు వచ్చింది, ఫైలు కట్టేశాడు. భర్త కట్టలేదు. బకాయి వసూలుకి ప్రతి నెల సొమ్మూ బాకీపడిన ఏడాదిలోపు పిటిషన్ పడాలి, లేకపోతే ఆ నెలలది వారంటుతో రాబట్టలేం. ఆ మాట ఆమెకు చెప్పినవాడు లేడు. రెండేళ్ల తర్వాత వస్తే మొదటి ఏడాది డబ్బు గాలికి పోయినట్టే. ఫీజు తీసుకోలేదు గనక ఆమె నిలదీయదు, లాయరుకి తప్పనిపించదు.

యావజ్జీవం, ఉరి పడే అవకాశమున్న కేసుల్లో కోర్టు తరఫున పెట్టే లాయరుకి కనీసం 10 ఏళ్ల అనుభవం ఉండాలని, సిద్ధం కావడానికి మామూలుగా 7 రోజులైనా ఇవ్వాలని 2019లో అనోఖీలాల్ తీర్పు చెప్పింది. ఆ కేసులో లాయరును పెట్టిన రోజే ఛార్జీలు చదివేశారు, రెండు వారాల్లోపే ఉరిశిక్ష. ఉచితంగా చేసినా అరకొరగా చేస్తే అది సాయం కాదు. నల్లకోటు గారి రెండు పేజీల పిటిషన్ కూడా అంతే, రోజు తప్పితే పనికిరాదు.

నల్లకోటు
అరకొర అన్నది ఒప్పుకుంటాను. కానీ అది బాగా చేయమనడానికి కారణం, మానేయడానికి కాదు. జూనియరు మీద తోసే సీనియరుదే తప్పు.

మఫసిల్_ప్లీడరు
అయితే రూల్ అలాగే రాయమనండి. 20 ఏళ్లు దాటినవాళ్లు ఏడాదికి రెండు కేసులు, వాయిదాకి స్వయంగా రావాలి. ఎంతమంది సంతకం పెడతారో చూద్దాం. పేద నిందితుల తరఫున వాదించడానికి 2022లో వచ్చిన లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సిల్ పద్ధతి నాకు నచ్చింది అందుకే. నెలకింత గౌరవ వేతనం, ప్రైవేటు ప్రాక్టీసు కుదరదు, చీఫ్‌కి క్రిమినల్ వైపు 10 ఏళ్లు ఉండాలి. జీతమిచ్చి పని అడుగుతున్నారు.

నల్లకోటు
అది క్రిమినల్‌కే. దావాలు, మనోవర్తులు ఎవరు చూస్తారు?

బత్తా_గుమస్తా
బత్తా ఎవరు కడతారో ఇంకా ఎవరూ చెప్పలేదు. నోటీసు వెళ్లకపోతే మీ వాదన జడ్జిగారు వినేదే లేదు.

సుభాషిణి_ఫ్యామిలీకోర్టు
మీ ప్రశ్నే పనికొచ్చేది గుమస్తా గారూ. లాయరు సొంతంగా "ఫ్రీగా చేస్తా" అని వకాల్తా వేస్తే మాఫీ అయ్యేది ఆయన ఫీజు ఒక్కటే. కోర్టు ఫీజు, బత్తా, నకళ్లు, టైపింగు కక్షిదారు మీదే పడతాయి. న్యాయ సేవాధికార సంస్థ ద్వారా వస్తే ఆ ఖర్చులూ న్యాయసాయంలో భాగమే. అందుకని ఉచితంగా చేద్దామనుకున్న ప్యానెల్ లాయరు ముందు మనిషిని మండల న్యాయ సేవాధికార కమిటీకో, జిల్లా సంస్థకో పంపాలి. ప్యానెల్‌లో ఫలానా లాయరు కావాలని అర్జీలోనే అడగవచ్చు, ఒప్పుకోవడం వాళ్ల ఇష్టం. స్త్రీలకి, ఎస్సీ ఎస్టీలకి, కస్టడీలో ఉన్నవాళ్లకి ఆదాయ పరిమితి లేదు, 1987 చట్టం 12వ సెక్షన్. కేసులో పస ఉందా అని మాత్రం 13 కింద చూస్తారు.

బత్తా_గుమస్తా
ఆ అర్జీ రాసేదెవరు? రాయించే చోట కూడా డబ్బులడుగుతారు.

సుభాషిణి_ఫ్యామిలీకోర్టు
రాయలేనివాళ్లు నోటితో చెబితే అక్కడి సిబ్బందే రాసుకోవాలి, న్యాయసాయం 2010 రెగ్యులేషన్లలో ఉంది. ముందు న్యాయసాయం హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేయించండి.