మామిడి తోటలో గడ్డి కోతకు 24 హెచ్‌పీ మినీ ట్రాక్టర్ చాలా, 28 కావాలా?

నూజివీడు వైపు 12 ఎకరాల మామిడి తోట. వానలు పడ్డాక సాళ్ల మధ్య గడ్డి నడుం ఎత్తు లేస్తుంది, కొమ్మలు కిందికి వాలి ఉండడంతో పెద్ద బండి దూరదు. స్లాషర్ (ట్రాక్టర్ వెనక తగిలించే గడ్డి కోత యంత్రం) వెడల్పు అడుగుకు 5 పీటీఓ (వెనక పనిముట్టును తిప్పే ట్రాక్టర్ షాఫ్టు) హెచ్‌పీ లెక్కన 4 అడుగులదానికి 20, 5 అడుగులదానికి 25 ఉండాలి. ఇంజిన్ హెచ్‌పీ కాదు, పీటీఓ దగ్గర ఎంత వస్తుందో అదే చూడాలి. 4 అడుగులది చాలనుకున్నా, వెనక టైర్ల బయటి అంచు అంతకు మించితే గడ్డి నలిగి పడుకుంటుంది, బ్లేడుకి అందదు. 5 అడుగులది వేసినవాళ్లు లిఫ్ట్ ఎత్తితే ముందు చక్రాలు తేలకుండా ఎన్ని కేజీల వెయిట్లు పెడుతున్నారు?

ఇంకోటి, ఇది ప్రాణాల మీదకొచ్చే సంగతి. సింగిల్ క్లచ్ (చక్రాలకీ పీటీఓకీ ఒకటే క్లచ్) బండిలో క్లచ్ తొక్కినా బ్లేడ్ల ఊపు పీటీఓ గుండా బండిని ముందుకు తోస్తుంది. ఆ ఊపు బండికి చేరకుండా ఆపే ఓవర్‌రన్నింగ్ క్లచ్, 6 పళ్ల పీటీఓ షాఫ్టుకి సరిపోయేది, విజయవాడలో ఎక్కడ దొరుకుతుందండీ?